ఆ ఎర్ర ఎక్స్‌లు ఊరికే రావు

ప్రశ్న: ఎంటెక్ ప్రాజెక్టు కోసం చిన్న ప్రాసెసర్ డిజైన్ చేస్తున్నాను. వెరిలేటర్ అనే సిమ్యులేటర్‌లో (డిజైన్‌ను కంప్యూటర్‌లోనే నడిపి చూసే టూల్) టెస్టులన్నీ పాస్. అదే కోడ్ ఐకారస్ వెరిలాగ్ అనే మరో సిమ్యులేటర్‌లో నడిపితే, సిగ్నళ్లను గీతలుగా చూపే జీటీకేవేవ్ నిండా ఎర్రటి ఎక్స్‌లు. మొదట్లో ఒక్కసారి నడిచే ఇనీషియల్ బ్లాక్‌లో అన్నిటికీ సున్నా పెట్టాక పోయాయి. ఐకారస్‌లో బగ్ ఉందా?

జవాబు: లేదు, బగ్ మీ కోడ్‌లోనే ఉంది. ఈ ప్రశ్న నాకు తరచూ వస్తుంది. అడిగినవాళ్లలో చాలామంది మీలాగే ఇనీషియల్ బ్లాక్ పెట్టేసి వస్తారు.

ఐకారస్ నాలుగు విలువలు చూస్తుంది: 0, 1, ఎక్స్ (ఏదో తెలియదు), జెడ్ (ఎవరూ నడపని తీగ). రీసెట్ (మొదటి విలువ పెట్టే సిగ్నల్) ఇవ్వని రిజిస్టర్‌లో (విలువ దాచుకునే చోటు) ఏముందో తెలియదు కాబట్టి ఎక్స్ చూపిస్తుంది. వెరిలేటర్ ప్రధానంగా 0, 1 తోనే పని కానిస్తుంది. దాని వేగానికి అదీ ఒక కారణమే. మీరు ఏమీ చెప్పకపోతే ఆ రిజిస్టర్‌ను సున్నాతో మొదలుపెడుతుంది. ఇక మీ ఇనీషియల్ బ్లాక్ సంగతి: ఎఫ్‌పీజీఏ (మళ్లీ మళ్లీ ప్రోగ్రామ్ చేసుకోగల చిప్) టూల్స్ సాధారణంగా దాన్ని పట్టించుకుంటాయి. అసలు చిప్ చేసే ఏసిక్ సింథసిస్‌లో (కోడ్‌ను గేట్లుగా మార్చే దశ) అది గాల్లో కలిసిపోతుంది.

నాకు అసలు టెన్షన్ ఇక్కడే. డీబగ్ పోర్ట్ (చిప్ లోపలికి తొంగిచూసే ద్వారం) తెరిచి ఉందో లేదో చెప్పే ఒక్క బిట్ ఊహించుకోండి. ‘ఇది 1 అయితే తెరువు, లేదంటే మూసెయ్’ అని రాశారు, రీసెట్ మర్చిపోయారు. వెరిలేటర్‌లో అది సున్నా, పోర్ట్ మూసే ఉంది. ఐకారస్‌లో ఆ బిట్ ఎక్సే, కానీ వెరిలాగ్ నియమం ప్రకారం ఇఫ్ షరతు ఎక్స్ అయితే ఎల్స్‌లోకి వెళ్తుంది. అక్కడా మూసే ఉంది. చాలా ఎఫ్‌పీజీఏ బోర్డుల్లో ఫ్లిప్‌ఫ్లాప్‌లు (ఒక్కో బిట్‌ను దాచే సర్క్యూట్లు) సున్నాతోనే లేస్తాయి కాబట్టి అక్కడా మూసే ఉంటుంది. మూడు చోట్లా పాస్! తయారైన చిప్‌లో మాత్రం ఆ బిట్ కరెంటు రాగానే 1గా లేవొచ్చు. అప్పుడు కేబుల్ ఉన్నవాడెవడైనా లోపలికి వచ్చేస్తాడు. ఫోన్ యాప్‌లా దానికి అప్‌డేట్ పంపలేం. మూడింటిలో హెచ్చరిక ఇచ్చింది ఐకారస్ ఒక్కటే, అదీ ఆ ఒక్క ఎర్ర గీతతో. దాన్నే మీరు చెరిపేశారు.

ఇనీషియల్ బ్లాక్ తీసేసి ముందు రీసెట్ రాయండి. వెరిలేటర్‌లో ఎక్స్-ఇనిషియల్ అనే ఆప్షన్‌ను యునీక్‌గానే ఉంచి, నడిపేటప్పుడు రాండ్-రీసెట్ విలువ 2 ఇవ్వండి. 0 ఇస్తే అన్నీ సున్నాలు, 1 ఇస్తే అన్నీ ఒకట్లు, 2 ఇస్తే ర్యాండమ్. సీడ్ (ర్యాండమ్ విలువలకు మూలమైన సంఖ్య) మార్చి మార్చి పదిసార్లయినా నడపండి.

ప్రశ్న: చిప్ డిజైన్‌ను పైథాన్‌తో పరీక్షించే కోకోటీబీలో టెస్టులు రాశాను. అన్నీ పాసయ్యాయి. అయినా మా గైడ్ నమ్మడం లేదు.

జవాబు: నేనూ నమ్మను. కోకోటీబీలో ఎక్సెప్షన్ రాకుండా టెస్టు పూర్తయితే అది పాసే, ఫలితాన్ని సరిచూసే అసర్ట్ ఒక్కటి కూడా లేకపోయినా సరే! నాకు పంపే కోడ్‌లలో క్లాక్ ఆడించి, వెయ్యి సైకిళ్లు ఆగి, వేవ్‌ఫారమ్ కళ్లతో చూసి సరేననుకునేవే ఎక్కువ. కోచింగ్ సెంటర్లలో యూవీఎమ్ (చిప్ టెస్టింగ్ లైబ్రరీ) క్లాసుల పేర్లు బట్టీ పట్టిస్తారు, టెస్టు ఎందుకు ఫెయిలవ్వాలో మాత్రం ఎవరూ చెప్పరు. ఇంటర్వ్యూలో అడగరుగా మరి.

ఈ రాత్రికి మీ డిజైన్‌లోని కూడికను తీసివేతగా మార్చి మళ్లీ నడపండి. అప్పుడూ పాసైతే గైడ్‌కు ఫోన్ చేసి సారీ చెప్పండి. ఇలా డిజైన్‌ను కావాలని చెడగొట్టి టెస్టులు పట్టుకుంటాయో లేదో చూడటానికి యోసిస్ అనే సింథసిస్ టూల్ వాళ్ల ఎంసీవై టూల్ ఉంది, ఉచితమే.