మౌంజారో కంటే ముందు ఆ పాత బిళ్ల సంగతి తేల్చుకోండి

మీ నాన్నగారికి 61 ఏళ్లు, షుగర్‌కి గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన బిళ్ల వాడుతున్నారు, డాక్టరు వారానికోసారి వేసుకునే మౌంజారో ఇంజెక్షన్ మొదలుపెడదామన్నారు, వాట్సాప్‌లోనేమో థైరాయిడ్ క్యాన్సర్ వస్తుందంటున్నారు, వేయించాలా వద్దా అని అడిగారు. నేను డాక్టర్ని కాదండి. గుంటూరులో ఉంటాను, 54 ఏళ్లు, ఎనిమిది నెలలుగా ఇదే ఇంజెక్షన్ మీద ఉన్నాను. నన్ను భయపెట్టింది ఆ గ్లిమెపిరైడే.

నేను మొదలుపెట్టినప్పటికి పెన్నులా ఉండే ఇంజెక్షన్ రాలేదు. అర మిల్లీలీటరు మందుండే చిన్న సీసా, సిరంజి. ప్రతి ఆదివారం మా ఆవిడ పొట్ట మీద వేసేది. రెండో వారానికే ఆకలి చచ్చిపోయింది. మూడో వారంలో ఒక రాత్రి అలవాటుగా గ్లిమెపిరైడ్ బిళ్ల వేసుకుని, ఒక్క పుల్కా తిని పడుకున్నాను. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేసరికి బనీను నీళ్లలో ముంచి తీసినట్టుంది. చేతులు వణుకుతుంటే స్ట్రిప్ డబ్బా మూత కూడా తీయలేకపోయాను. ఆవిడే చూసింది: షుగర్ 58. గ్లాసు నీళ్లలో నాలుగు చెంచాల పంచదార కలిపి తాగించింది. పావుగంటకి 92కి వచ్చింది.

పొద్దున్నే ఫోన్ చేస్తే డాక్టరు, 'ఆ బిళ్ల ఇంకా వేసుకుంటున్నారా?' అన్నారు. అది వేరే డాక్టరు ఎప్పుడో రాసింది, నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. మౌంజారో రక్తంలో షుగర్ ఎక్కువగా ఉన్నప్పుడే ఇన్సులిన్‌ని పెంచుతుందట, కాబట్టి ఒక్కదానితో షుగర్ మరీ పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, మనం తిన్నా తినకపోయినా ఇన్సులిన్ తీయిస్తూనే ఉంటుంది. తిండేమో సగమైపోయె. నాకు ఆ బిళ్ల ఆపి మెట్‌ఫార్మిన్ ఒక్కటే ఉంచారు. మీరు సొంతంగా ఏదీ ఆపకండి, కానీ బిళ్లల షీట్లన్నీ సంచిలో వేసుకుని వెళ్లి ఆయన ముందు పెట్టండి. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకీ ఇదే జాగ్రత్త.

ఇక థైరాయిడ్. ఎలుకల్లో కణితులు వచ్చాయి, అందుకే అమెరికాలో ఈ మందు మీద పెద్ద హెచ్చరిక ముద్రిస్తారు. మనుషుల్లో అలా వస్తుందని తేలలేదు. అయితే మెడుల్లరీ అనే అరుదైన రకం థైరాయిడ్ క్యాన్సర్ తనకు గానీ ఇంట్లోవాళ్లకు గానీ వచ్చినవాళ్లు, మెన్ 2 అనే వంశపారంపర్య జబ్బున్నవాళ్లు దీన్ని వాడకూడదు. రోజూ థైరాక్సిన్ బిళ్ల వేసుకునే మామూలు థైరాయిడ్ వేరు, దాన్నీ దీన్నీ కలిపి మా చుట్టాలు నాకు నెల రోజులు టెన్షన్ పెట్టారు.

కడుపునొప్పి తీవ్రంగా వచ్చి వీపులోకి పాకుతూ వాంతులవుతుంటే మాత్రం గ్యాస్ అనుకుని కూర్చోకండి, క్లోమం వాపు కావచ్చు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. పిత్తాశయంలో రాళ్లూ వస్తాయి. నాన్నగారికి షుగర్ చాలా ఏళ్లుగా ఉంటే ముందు కంటి రెటీనా పరీక్ష చేయించండి. ఏదైనా ఆపరేషన్ ఉంటే మత్తు డాక్టరుకి చెప్పాలి, తిన్నది కడుపులో మామూలు కంటే ఎక్కువసేపు ఉండిపోతుంది.

మోతాదు విషయంలో తొందర వద్దు. నాలుగు వారాలు 2.5 మిల్లీగ్రాములు, ఆ తర్వాతే 5. మా బావమరిది షుగర్ లేకపోయినా బరువు తగ్గాలని, డాక్టరుని అడక్కుండా నేరుగా 5తో మొదలుపెట్టాడు. మూడు రోజులు వాంతులు, చివరికి సెలైన్ ఎక్కించారు.

మందు ఫ్రిజ్‌లోనే ఉంచండి, గడ్డకడితే పారేయడమే. 30 డిగ్రీలు దాటని చోట 21 రోజులు బయట ఉంచవచ్చంటారు గానీ మా గుంటూరు మే నెలలో ఆ మాట అనకండి.

ఖర్చు కూడా చూసుకోండి. 2025 మార్చిలో ఇక్కడికి వచ్చినప్పుడు 5 మిల్లీగ్రాముల సీసా 4,375 రూపాయలు, నెలకి నాలుగు. నాకు 91 కిలోల బరువు 81కి వచ్చింది, కానీ మందు ఆపితే చాలామందికి బరువు మళ్లీ పెరుగుతుంది, కాబట్టి ఎన్నేళ్లు వాడాలో ముందే అడగండి. మధ్యలో పెళ్లిళ్ల హడావిడిలో నేను రెండు వారాలు మానేశాను. రెండో వారం దాటకముందే ఆవకాయ అన్నం రెండోసారి కలుపుకుంటుంటే మా ఆవిడ పట్టుకుంది.