జట్టు జీతం ఎవరి జేబులోంచి వస్తుంది?

ప్రశ్న: మాది హనుమకొండ. ఇరవై ఏళ్లుగా ఆట సామాన్ల షాపు నడుపుతున్నాను. మా అబ్బాయి బీకాం రెండో సంవత్సరం. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సు చేసి, ఐపీఎల్ జట్టులోనో కబడ్డీ లీగ్‌లోనో చేరతానంటున్నాడు. ఫీజు ఆరు లక్షలు, లోన్ తీయాలి. ఎక్కడ చూసినా ఉద్యోగాలు పోతున్నాయంటున్నారు. నా షాపులోనే గిరాకీ పడిపోయింది. అటక మీద హైదరాబాద్ పాత ఐపీఎల్ జట్టు డెక్కన్ ఛార్జర్స్ జెర్సీల మూట ఇంకా అలాగే ఉంది. ఈ టైంలో ఆటల ఉద్యోగాన్ని నమ్మొచ్చా?

జవాబు: మీకు కావాల్సిన జవాబు సగం ఆ మూటలోనే ఉంది. ఆ జట్టు 2009లో కప్పు గెలిచింది. 2012లో లేకుండా పోయింది. కారణం గెలుపోటములు కావు, యజమాని సంస్థ మీద పడ్డ అప్పులు. క్రికెట్ బోర్డు ఒప్పందం రద్దు చేసింది. ఆ వెంటనే ఏడాదికి 85.05 కోట్లు కడతామని సన్ టీవీ వచ్చింది, సన్‌రైజర్స్ పుట్టింది. ఉప్పల్ స్టేడియం అక్కడే ఉంది. మన వరంగల్ బస్సులు ఇప్పటికీ ఉప్పల్ మీదుగానే పోతున్నాయి, మ్యాచ్ రోజు పిల్లలు అక్కడే దిగుతున్నారు. మారింది జీతమిచ్చే చెయ్యి.

అభిమానుల సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు. చేతిలో డబ్బు ఆడనప్పుడు ఎవరూ ఆట మానేయరు. కొత్త బ్యాట్ కొనాల్సినవాడు పాత బ్యాట్‌కు గ్రిప్ వేయించుకుంటాడు. టెన్నిస్ బంతులు మాత్రం అమ్ముడుపోతూనే ఉంటాయి. పెద్ద లీగుల్లోనూ ఇదే లెక్క. టికెట్టు, జెర్సీ, స్టేడియంలో తిండి, వీటి మీద ఖర్చు తగ్గుతుంది. మ్యాచ్ మాత్రం ఇంట్లో టీవీలోనో ఫోన్‌లోనో చూస్తారు. అందుకే టీవీ హక్కుల డబ్బు ఉన్న లీగ్ నిలబడుతుంది. ఐపీఎల్ 2023 నుంచి 2027 దాకా ప్రసార హక్కులను 48,390 కోట్లకు ముందే అమ్ముకుంది. టికెట్ల మీద, ఒక్క యజమాని జేబు మీద బతికే చిన్న లీగ్‌కు ఆ ధీమా ఉండదు.

స్పాన్సర్ డబ్బు ఇంకా చంచలం. 2020లో ఐపీఎల్ టైటిల్ స్పాన్సర్‌గా ఉన్న చైనా ఫోన్ల కంపెనీ వివో తప్పుకుంటే, దాని ఏడాది మొత్తం దాదాపు 440 కోట్ల చోట కొత్త స్పాన్సర్ డ్రీమ్11 నుంచి 222 కోట్లే వచ్చాయి. అప్పుడు కరోనా ఒక్కటే కాదు, చైనాతో గొడవ కూడా ఉందనుకోండి. మన దగ్గర మాత్రం? రియల్ ఎస్టేట్ ఊపు మీదున్నప్పుడు ప్రతి వెంచర్‌వాళ్లూ ఒక కప్పు పెడతారు. ప్లాట్లు కదలకపోతే ముందు ఆగేది ఆ టోర్నమెంటే.

ఇప్పుడు మీ అబ్బాయి దగ్గరికి వద్దాం. ఆటగాళ్లకు ఒప్పందాలుంటాయి, కష్టకాలంలోనూ వాళ్ల డబ్బు ఎంతోకొంత భద్రం. దెబ్బ తగిలేది ఆఫీసులో కూర్చున్నవాళ్లకు. 2008లో అమెరికా ఆర్థిక వ్యవస్థ కుదేలైనప్పుడు, అంత పెద్ద ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ లీగ్ కూడా దాదాపు 80 మంది ఉద్యోగులను తీసేసింది. మీవాడు చేరాలనుకుంటున్నది సరిగ్గా ఆ కుర్చీలోనే.

అలాగని వద్దనను. పిల్లాడికి ఇష్టం ఉంది, బీకాం కూడా ఉంది. నా లెక్కలో ఆ బీకామే అతని అసలు ఆస్తి. అకౌంట్స్, జీఎస్టీ, టికెట్ల లెక్కలు చూడగలిగినవాడికి జట్టు మూతపడినా ఇంకో ఆఫీసు దొరుకుతుంది. "స్పాన్సర్లను తెస్తాను" అనే పనొక్కటే తెలిసినవాడికి, స్పాన్సర్లు లేని ఏడాది పని దొరకదు. డిగ్రీ మంచి మార్కులతో పూర్తి చేయమనండి. ఈలోగా మన జేఎన్ స్టేడియంలో జరిగే పోటీల దగ్గర నిర్వాహకులకు సాయం చేయమనండి. ఎంట్రీలు రాయడం, అంపైర్లకు డబ్బులివ్వడం, రాత్రి పదింటికి లైట్లవాడితో బేరమాడడం, ఇవన్నీ చేశాక కూడా ఇష్టం మిగిలితే అప్పుడు కోర్సు మాట మాట్లాడుకుందాం.

కోచ్ కావాలనుకుంటే దారి వేరు. డిగ్రీ తర్వాత పీఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి బీపీఈడీ (వ్యాయామ విద్య డిగ్రీ) చేయవచ్చు, పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థ ఎన్‌ఐఎస్‌లో కోచింగ్ డిప్లొమా ఉంది. బడిలో పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయుడి) ఉద్యోగం ఏ స్పాన్సర్ మీదా ఆధారపడదు. మన కల్లెడ అమ్మాయి దీప్తి జీవాంజి పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం గెలిస్తే ప్రభుత్వం గ్రూప్-2 ఉద్యోగం ప్రకటించింది. అది ఆడి గెలిచినవాళ్ల దారి, మీవాడు ఆ స్థాయిలో ఆడుతున్నట్టు మీ ఉత్తరంలో లేదు కాబట్టి దాన్ని వదిలేద్దాం.

ఆరు లక్షల లోన్ సంగతి. ఆ కాలేజీకి వెళ్లి రెండే ప్రశ్నలు అడగండి. గత రెండు బ్యాచ్‌లలో ఎంతమందికి జీతమున్న ఉద్యోగం వచ్చింది, ఎంతమందికి ఇంటర్న్‌షిప్ మాత్రమే వచ్చింది? చేరినవాళ్లలో ఏడాది తర్వాత అదే ఉద్యోగంలో ఎంతమంది ఉన్నారు? బ్రోషర్ చేతిలో పెట్టి "హండ్రెడ్ పర్సెంట్ ప్లేస్‌మెంట్" అంటే లేచి వచ్చేయండి. కాగితం మీద రాసిచ్చి, ఇద్దరు ముగ్గురు పాత విద్యార్థులతో మాట్లాడిస్తే, ఆ వివరాలు తీసుకుని మళ్లీ నాకు రాయండి. అప్పటిదాకా అడ్వాన్స్ పైసా కట్టకండి.