అడిగితే చెప్తాను: ఒంగోలులో హైటెక్ సిటీ కడితే?

ప్రశ్న: మాది సింగరాయకొండ. మావాడు హైదరాబాద్‌లో బీటెక్ చదువుతున్నాడు. మొన్న వెళ్తే మాదాపూర్ అంతా తిప్పి చూపించాడు. ప్రపంచంలోని పెద్ద కంపెనీలు ఇక్కడే కొత్తవి తయారు చేస్తున్నాయి, ఇన్నోవేషన్ హబ్ అంటే ఇదే నాన్నా అన్నాడు. ఒంగోలులోనో నెల్లూరులోనో అలాంటి హైటెక్ సిటీ ఒకటి కడితే మన పిల్లలు అంత దూరం పోయే పని ఉండదు కదా? మీరు హైదరాబాద్‌లో చాలాకాలం పనిచేశారు కాబట్టి అడుగుతున్నాను.

జవాబు: అన్నా, మీవాడు చూపించిన బిల్డింగుల్లో పాతది సైబర్ టవర్స్. 1998లో తెరిచారు. నేను హైదరాబాద్ పోయింది దానికి పంతొమ్మిదేళ్ల ముందు, 1979లో. కావలి జవహర్ భారతిలో బీఎస్సీ కెమిస్ట్రీ చదివి, బాలానగర్ దగ్గర ఒక చిన్న మందుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చేరాను. ఆ ఊరు ఎలా ఎదిగిందో నేను చూసింది అక్కణ్ణుంచే. అందుకే మాదాపూర్ సంగతి కాకుండా బాలానగర్ సంగతి చెప్తాను.

నా పని, రియాక్టర్‌లో, అంటే మందు తయారయ్యే పెద్ద పాత్రలో, ఉన్న సరుకు తయారైందా లేదా చూడటం. సిలికా పూసిన గాజు పలక మీద సన్నటి గొట్టంతో చుక్క పెట్టి, అడుగున కాస్త సాల్వెంట్ (కరిగించే ద్రవం) పోసిన గాజు పాత్రలో నిలబెట్టేదాన్ని. సాల్వెంట్ మెల్లగా పైకి పాకుతూ చుక్కలో ఉన్నవాటిని విడదీస్తుంది. తర్వాత ఆ పలకను అయోడిన్ పలుకులు వేసిన సీసాలో పెడితే గోధుమరంగు మచ్చలు తేలతాయి. ఒక్క మచ్చే కనిపిస్తే పని అయినట్టు. కింద ఇంకోటి మసగ్గా ఉందంటే ఇంకా టైము పడుతుంది. మసకమచ్చను పట్టుకోవడం నాకు మూడు నెలలకు గానీ రాలేదు. నేర్పిన సీనియర్ ఐడీపీఎల్‌లో పని నేర్చుకుని వచ్చిన మనిషి.

ఐడీపీఎల్ అంటే సోవియట్ యూనియన్ సాయంతో కేంద్ర ప్రభుత్వం పెట్టిన మందుల సంస్థ. మందులు తయారు చేయడం దగ్గరుండి నేర్పిన పెద్ద బడి అది. నేర్చుకున్నవాళ్లు ఒక్కొక్కరే బయటికొచ్చి, అదే ఊళ్లో షెడ్డు వేసుకుని సొంతంగా మొదలుపెట్టారు. డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి గారు కూడా ఐడీపీఎల్‌లో పనిచేసినవారే. బయటికొచ్చాక ఒకటి రెండు కంపెనీలు నడిపి, 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టారు. అప్పటి చట్టం కూడా కలిసొచ్చింది. 1970 పేటెంట్ చట్టం ప్రకారం మందు మీద పేటెంట్ ఉండదు, తయారు చేసే పద్ధతి మీదే ఉంటుంది. అదే మందుకు ఇంకో దారి కనిపెడితే మీరూ చేసి అమ్ముకోవచ్చు. అందుకే ఆ రోజుల్లో మంచి కెమిస్ట్ దొరికితే కంపెనీలు వదిలేవి కావు. 2005లో చట్టం మారింది. అప్పటికే ఊరి నిండా పని తెలిసిన చేతులున్నాయి.

ఇంకోటి కూడా చెప్పాలి. ఒకరోజు రాత్రి రెండింటికి మా వాక్యూమ్ పంపు షాఫ్ట్ విరిగింది. రియాక్టర్‌లో సరుకుంది. పొద్దున్నకల్లా పంపు నడవకపోతే బ్యాచ్ నల్లబడిపోతుంది. నాకైతే కాళ్లూ చేతులూ ఆడలేదు. మా ఫోర్‌మన్ ఆ విరిగిన ముక్కల్ని గోనెపట్టాలో చుట్టి, సైకిలెక్కి వెళ్లి ఒక లేత్ షెడ్డు ఓనరును నిద్ర లేపాడు. ఆరున్నరకు కొత్త షాఫ్ట్‌తో వచ్చాడు. ముట్టుకుంటే ఇంకా వెచ్చగా ఉంది. విమాన పరికరాలు చేసే హెచ్‌ఏఎల్, మా ఐడీపీఎల్ లాంటి పెద్ద ఫ్యాక్టరీలు పక్కనే ఉండటం వల్ల బాలానగర్‌లో అలాంటి షెడ్లు వరసగా ఉండేవి. హబ్ అనే మాట ఎక్కడ విన్నా నాకు ఆ షాఫ్టే గుర్తొస్తుంది.

మన నెల్లూరు జిల్లా మనిషి గురించే చెప్తాను. శాంతా బయోటెక్నిక్స్ పెట్టిన వరప్రసాదరెడ్డి గారిది పాపిరెడ్డిపాలెం. ఆయన చదివింది ఎలక్ట్రానిక్స్. 1993లో కంపెనీ పెట్టి, 1997లో హెపటైటిస్-బి టీకా తెచ్చారు. మన దేశంలో జన్యు పరిజ్ఞానంతో అలా సొంతంగా తయారైన మొదటి టీకా అది. ఎలక్ట్రానిక్స్ ఇంజినీరు టీకా చేయగలిగాడంటే, హైదరాబాద్‌లో 1977 నుంచీ కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, ఉస్మానియా ఉంది, కణాల గురించి తెలిసినవాళ్లు పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నారు. అదే మనిషి అదే పట్టుదలతో నెల్లూరులో కూర్చుని ఉంటే ఎవర్ని అడిగేవారు?

ఈ ఎదుగుదలకు పటాన్‌చెరు వైపు పల్లెలు పెద్ద మూల్యం చెల్లించాయి. చెరువులు, బోర్లు పాడయ్యాయి. మేము పారబోసిన నీళ్లు ఎక్కడికి పోతున్నాయని ఆ రోజుల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు. అది నాకు ఇప్పటికీ బాధే. మన దగ్గర ఏది మొదలుపెట్టినా ఆ ప్రశ్న మొదటి రోజే అడగండి.

ఇక మన సంగతి. మా చెల్లెలి కొడుకు కావలి దగ్గర రొయ్యపిల్లల్ని తీసే ఒక హ్యాచరీలో ఆరేళ్లు టెక్నీషియన్‌గా చేసి, ఇద్దరు స్నేహితులతో కలిసి ట్యాంకులు లీజుకు తీసుకున్నాడు. నా సీనియర్లు చేసిందీ అదే కదా! అంటే విత్తనం మన తీరంలో పడే ఉంది. కానీ పోయినేడు ట్యాంకులకు గాలి పంపే వాడి బ్లోయర్ కాలిపోతే సరైన పార్టు చెన్నై నుంచి రావాల్సొచ్చింది. వచ్చేలోపు రెండు ట్యాంకుల్లో రొయ్యపిల్లంతా పోయింది. మన చెరువుల్లో ఎక్కువగా పెంచే వనామీ రకం తల్లి రొయ్యలు కూడా అంతే. ఎక్కువగా అమెరికా నుంచి విమానంలో చెన్నైలో దిగి, క్వారంటైన్ అయ్యాక మన దగ్గరికొస్తాయి. రోగం లేకుండా, త్వరగా పెరిగేలా తరాల తరబడి వాటిని ఎంపిక చేసే విద్య చాలావరకు అక్కడే ఉండిపోయింది. మనకు ఎక్కువగా అందేది డబ్బాల్లో రొయ్యలే.

కాబట్టి అన్నా, హైటెక్ సిటీ కట్టేంత డబ్బు మన చేతిలో ఉంటే నేనైతే ముత్తుకూరు ఫిషరీ కాలేజీలో ఆ ఎంపిక పని పెట్టిస్తాను. పదిహేనేళ్లు ఓపిక పట్టమంటాను. అక్కడ నేర్చుకున్న పిల్లలు బయటికొచ్చి సొంతంగా పెట్టుకుంటామంటే అడ్డం పడకుండా అప్పిప్పిస్తాను. బ్లోయర్లు, ఏరేటర్లు బాగుచేసే షెడ్లకు కరెంటు, స్థలం చూపిస్తాను. అద్దాల బిల్డింగ్ కావాలంటే ఆ పిల్లలే కట్టుకుంటారు.

ప్రశ్న: మా అమ్మాయి ఐదేళ్లుగా హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో పీసీఆర్ టెస్టులు చేస్తోంది. ఇప్పుడు ఉద్యోగం మానేసి, నెల్లూరు వచ్చి రొయ్యల రోగాలకు టెస్టింగ్ ల్యాబ్ పెడతానంటోంది. మాకు ఒకటే టెన్షన్. వద్దని చెప్పమంటారా? — ఒక తల్లి, నెల్లూరు

జవాబు: వద్దనకండమ్మా. మీ అమ్మాయి పనిలో చేయి తిరిగాకే ఇంటికొస్తోంది. మీ టెన్షన్ కూడా నాకు తెలుసు. నేను ఉద్యోగానికి బయల్దేరిన రోజు మా అమ్మ కావలి స్టేషన్‌లో ఒక్క మాట మాట్లాడలేదు.

అయితే రెండు జాగ్రత్తలు. మిషన్ కొనడానికే ఉన్నదంతా పెట్టొద్దు, ఏడాది ఇంటి ఖర్చు విడిగా తీసి పెట్టమనండి. రెండోది, మన దగ్గర ఇప్పటికే టెస్టింగ్ ల్యాబులున్నాయి. వాటికన్నా ఈమె ఏం బాగా చేయగలదో ముందే చూసుకోవాలి. సీడ్ (రొయ్యపిల్ల) బండి రాత్రికి బయల్దేరాలంటే రైతుకు రిజల్ట్ సాయంత్రానికే చేతికి రావాలి. మర్నాడు వచ్చే కచ్చితమైన రిజల్ట్‌తో అతనికి పని లేదు. ఉద్యోగానికి రాజీనామా ఇవ్వకముందే ఒక వారం సెలవు పెట్టి రమ్మనండి. మా చెల్లెలి కొడుకు హ్యాచరీలో కూర్చుని, సీడ్ ఎత్తే రోజు అక్కడ ఎవరెవరు ఫోన్లు చేస్తారో, ఏమడుగుతారో రాసుకోమనండి. వాడికి నేను చెప్పి ఉంచుతాను.