సల్సా మొదలుపెట్టిన మేనకోడలికి

మాగుంట లేఅవుట్,
నెల్లూరు.

అమ్మాయ్,

కావలిలో సల్సా, అదే జంటగా ఆడే ఆ డాన్సు, నేర్పేవాళ్లు దొరకడం లేదని, ఫోన్లో వీడియోలు చూసి ఇంట్లోనే చేస్తున్నానని రాశావు. నాకు చాలా సంతోషంగా ఉంది. మానకుండా చెయ్యి. కాకపోతే ఆ వీడియోలు కొన్నాళ్లు పక్కనబెట్టు. నువ్వు పంపిన దాంట్లో గుండ్రంగా తిరగడాలు, చేతులు విసరడాలు బాగానే ఉన్నాయి గానీ కింద కాళ్లు ఎటు తోస్తే అటు పోతున్నాయి. పిల్లలకి కూచిపూడి, పెద్దవాళ్లకి సల్సా నేర్పుతూ ఇన్నేళ్లుగా గమనించింది చెబుతా విను. కాలు తీసి పెట్టడం ఎవరికైనా వస్తుంది. ఒంటి బరువంతా ఆ కాలి మీదికి మారడమే రాదు. అది కుదిరిందాకా వేరే దేని జోలికీ పోవద్దు.

వరస ముందు చెబుతా. సల్సాకి ఎనిమిది లెక్కలు. 1కి కుడికాలు వెనక్కి. 2కి ఎడమకాలు ఉన్నచోటే ఉంచి బరువు దాని మీదికి. 3కి కుడికాలు తెచ్చి ఎడమకాలి పక్కన. 4కి అడుగు లేదు. 5కి ఎడమకాలు ముందుకి, 6కి బరువు మళ్లీ కుడికాలి మీదికి, 7కి ఎడమకాలు తెచ్చి కుడికాలి పక్కన. 8కి అడుగు లేదు. ఎదురుగా జతగా ఆడే మనిషి 1కి ఎడమకాలు ముందుకి వేస్తాడు, నీకు అద్దంలో బొమ్మలాగా. అంతే, మొదటి పాఠం ఇంతకంటే లేదు.

నువ్వు చిన్నప్పుడు సంగీతం నేర్చుకున్నావు గనక నీకు ఒక సులువుంది. నోటితో లెక్కపెట్టొద్దు, చేత్తో ఆది తాళం వెయ్యి, దానికీ ఎనిమిది లెక్కలే. మొదటి దెబ్బకి కుడికాలు వెనక్కి పోతుంది. చిటికెనవేలికి, ఉంగరంవేలికి మిగతా రెండడుగులు. నడిమివేలు ఆనించేటప్పుడు కాళ్లు ఊరికే ఉంటాయి. మళ్లీ దెబ్బ, అది 5, ఎడమకాలు ముందుకి. తర్వాత విసురు (అరచెయ్యి తిప్పెయ్యడం), దెబ్బ, చివరి విసురుకి కాళ్లు మళ్లీ ఊరికే. ముందుకి గానీ వెనక్కి గానీ పోయే అడుగు రెండుసార్లూ దెబ్బ మీదే పడుతుంది చూడు. సల్సా పాటలు నిమిషానికి 180 లెక్కల దాకా పోతాయి, కొన్ని ఇంకా వేగం. ఆ వేగంలో చెయ్యి ఆడదు గనక తాళం విలంబంలో, అంటే నెమ్మదిగా, వేసుకుని, కాళ్లకు అలవాటయ్యాకే పాట పెట్టుకో.

ఇక 4, 8. అందరూ చెడగొట్టుకునేది అక్కడే. అడుగు లేదు కదా అని ఒళ్లు బిగబట్టి నిలబడిపోతారు, లేకపోతే తొందరపడి తర్వాతి అడుగు వేసేస్తారు. ఆ ఒక్క లెక్క ఏందంటే, 3కి పెట్టిన కాలి మీద ఒళ్లు పూర్తిగా కుదురుకోవడానికి ఇచ్చిన టైం. పరీక్ష చెబుతా. 4 దగ్గర ఆగి, ఎడమకాలు కాస్త పైకెత్తు. ఊగకుండా లేచిందా, బరువు కుడికాలి మీదికి వచ్చినట్టు. ఊగావంటే రెండు కాళ్ల మధ్య ఉండిపోయావు, 5కి ఆలస్యమవుతావు. 8 దగ్గర కుడికాలు ఎత్తి చూసుకో. రోజూ ఈ పరీక్ష చేసుకున్నాకే సాధన మొదలుపెట్టు.

పాటలో కూడా ఆ చోటు ఖాళీ కాదు. కాంగా అనే పొడుగాటి డోలు ఉంటుంది, అరచేతులతో వాయిస్తారు. మామూలు వాయింపులో దాని గట్టి జంట దెబ్బ, దుమ్ దుమ్ అని, సరిగ్గా 4 దగ్గరా 8 దగ్గరా వినిపిస్తుంది. కాళ్లు ఆగినప్పుడు డోలు మాట్లాడుతుందన్నమాట. నాకు సల్సా మీద ప్రేమ పుట్టింది ఆ దెబ్బ విన్నాకే. పడుకునే ముందు కాళ్లు కదపకుండా పాటలు విను, ఆ జంట దెబ్బను చెవితో పట్టుకో. సోన్ అనే క్యూబా సంగీతం న్యూయార్క్ చేరి, అక్కడి ప్యూర్టోరికో వాళ్ల చేతుల్లో పెరిగి సల్సా అయింది. సంగీతకారుడు జానీ పచేకో, లాయరు జెర్రీ మసూచీ కలిసి 1964లో పెట్టిన ఫానియా కంపెనీ రికార్డులు విను, డోలు స్పష్టంగా తెలుస్తుంది.

వీడియోల దగ్గర నువ్వు తికమకపడటానికి కారణం కూడా ఉంది. న్యూయార్క్‌లో ఎడ్డీ టోరెస్ అనే డాన్సు మాస్టారు ప్రచారం చేసిన పద్ధతిలో ముందుకీ వెనక్కీ అడుగు మారేది 2 మీద, 6 మీద. నేను చెప్పింది 1 మీద, 5 మీద మారేది. రెండూ మంచివే. ఒకటి గట్టిపడేదాకా రెండోది ముట్టుకోకు.

అడుగు చిన్నది వెయ్యి, నీ పాదమంత దూరం చాలు. ముందు మునివేళ్ల కింది మెత్తటి భాగం ఆనాలి, తర్వాత మడమ. కూచిపూడి వచ్చిన పిల్లలు పాదం మొత్తం ఒక్కసారే నేలకేసి కొడతారు, అది మాన్పించడానికే నాకు నెలలు పడుతుంది. వెనక్కి వేసే అడుగులో మడమ నేలకు దించొద్దు, దించితే ఒళ్లు వెనక్కి వాలిపోతుంది. నడుము కావాలని తిప్పకు. బరువు పడిన కాలి మోకాలు నిటారవుతుంటే, రెండో మోకాలు వంగుతుంటే, నడుము దానంతటదే కదులుతుంది.

నేల సంగతి. మీ ఇంట్లో టైల్సు గదా, చెమట కాళ్లతో ఉత్త పాదాలు అంటుకుంటాయి. రబ్బరు అడుగున్న స్పోర్ట్స్ బూట్లు ఇంకా మోసం. తిరిగేటప్పుడు పాదం ఆగిపోయి మోకాలు మెలిపడుతుంది. పాత బూట్లకి చెప్పులు కుట్టే ఆయన చేత తోలు అడుగు వేయించుకో. ఎత్తు మడమలు ఇప్పుడొద్దు. తుమ్మలపెంట బీచికి పోయి ఇసకలో చేస్తే సరదాగా ఉంటుందన్నావు, అడుగులు వేసుకో గానీ తిరగొద్దు. ఎండాకాలం తెల్లారకముందే చేసుకో.

తర్వాత ఇదే లెక్కకి పక్కలకి అడుగులు. ఆ తర్వాతే కుడివైపు తిరగడం. 5కి ముందుకి వేసిన ఎడమకాలి మీద సగం, 6, 7ల్లో మిగతా సగం. బరువు మారడం రాకపోతే అది రాదు, అందుకే చివర పెట్టా.

జతగా చేసేటప్పుడు ఎదుటివాళ్ల వేళ్లు గట్టిగా పట్టుకోకు, వాళ్లు నడిపించకముందే ఊహించి కదలకు. మగవాళ్లతో చెయ్యిపట్టుకుని ఆడతావా అని వదిన కోప్పడుతోందని రాశావు. ఆమెకి చాటుగా చేయొద్దు. నా క్లాసులో ఆడవాళ్లే ఒకరికొకరు జతగా ఉండి, వంతులవారీగా నడిపించే వరస, నడిచే వరస రెండూ నేర్చుకుంటారు. వదినని కూడా తీసుకుని ఒక ఆదివారం పొద్దున రైలుకి రా. కూర్చుని చూడమందాం, అడగాల్సినవన్నీ నన్నే అడగమందాం.

మీ అత్త