"రిఫైనరీలో మందు కలిపే పని మా బిడ్డకెందుకు?"

ప్రశ్న: సార్, మాది నర్సంపేట. ఎరువులు, పురుగుమందుల షాపు నడుపుతున్నాను. మా బిడ్డకు జోసా కౌన్సెలింగ్‌లో ఎన్ఐటీ వరంగల్‌లో కెమికల్ ఇంజినీరింగ్ సీటు వచ్చింది. హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీ వాళ్లు మేనేజ్‌మెంట్ కోటాలో సీఎస్ఈ ఏఐ-ఎంఎల్ ఇస్తామంటున్నారు. అవసరమైతే హసన్‌పర్తి దగ్గర ప్లాటు అమ్ముతాను. మా బావమరిది కొడుకు విశాఖలో రిఫైనరీలకు కెమికల్స్ ఇచ్చే కంపెనీలో ఉన్నాడు. వాడి మాటలు విని ఇది కూడా అదే చేస్తానంటోంది. పెట్రోలు ఇంకో ఇరవై ఏళ్లు ఉంటుందా? ఆయిల్‌లో మందు కలిపే పని ఆడపిల్లకెందుకు? రెండు కోర్సులూ పోల్చి చెప్పండి.

జవాబు: మీరు రాసింది మూడు పేజీలు, ఇక్కడ కుదించి ఇచ్చాను. ఆ మూడు పేజీల్లో బిడ్డ ఏం చదవాలనుకుంటోందో చెప్పేది ఒక్కటే లైను. అది కూడా "వాడి మాటలు విని" అనే చురకతో. ప్లాటు గురించి మాత్రం ఆరు లైన్లున్నాయి.

ఏటా జూన్, జులై వచ్చేసరికి ఈ ప్రశ్న నా టేబుల్ మీదికి వస్తుంది. బ్రాంచి పేరు మారుతుంది, అంతే. నిరుడు మెటలర్జీ, ముందటేడు సివిల్. పైకి అడిగేది "స్కోప్ ఉందా" అని. లోపల ఉన్నది వేరు: పిల్ల దూరం పోతుందేమో, పెళ్లిలో నలుగురు "కెమికలా?" అని ముఖం పెడతారేమో, రేపు ఏదైనా తేడా వస్తే "అప్పుడే చెప్పాం కదా" అంటారేమో. ఈ భయాలకు ఏ ర్యాంకు కార్డులోనూ జవాబు దొరకదు. సరే, మెల్లగా వస్తాను అక్కడికి. ముందు ఆ మందు సంగతి చూద్దాం, ఎందుకంటే అది మీకు నాకన్నా బాగా తెలిసిన సంగతి.

మిర్చికి స్ప్రే చేసే రైతుకు, ట్యాంకులో మందుతో పాటు కాస్త జిగురు కూడా పోసుకోమని చెప్పేది మీరే కదా. అది పడకపోతే నీటిబొట్టు ఆకు మీద ముత్యంలా నిలబడి జారిపోతుంది. పడితే పలచగా పరుచుకుంటుంది. ఆ జిగురు అణువుకు ఒక కొస నీటిని పట్టుకుంటుంది, ఇంకో కొస నూనెనో ఆకు మీది మైనాన్నో పట్టుకుంటుంది. రిఫైనరీలో మీ మేనల్లుడు వేసే డీమల్సిఫయర్, అంటే నూనెలో కలిసిపోయిన నీటిని విడదీసే మందు, అది కూడా ఆ జాతిదే. మీ దగ్గర పరిచే పని చేస్తుంది, అక్కడ విడదీసే పని చేస్తుంది.

క్రూడ్ ఆయిల్ ఒట్టి నూనెగా రాదు. ఉప్పునీళ్లు, మన్ను కలిసి వస్తుంది. ఆ ఉప్పు కడగడానికి దాంట్లో నూటికి నాలుగు నుంచి ఎనిమిది పాళ్లు నీళ్లు కలిపి, 120 నుంచి 150 డిగ్రీల వేడి మీద, వేల వోల్టుల కరెంటు క్షేత్రంలోంచి పంపుతారు. ఆ తొట్టిని డీసాల్టర్ అంటారు. చిక్కేమిటంటే క్రూడ్‌లోని జిడ్డు పదార్థాలు ప్రతి నీటిబొట్టు చుట్టూ పొరలా కట్టుకుని, ఒక బొట్టును ఇంకో బొట్టుతో కలవనివ్వవు. ఆ పొరను చీల్చేదే ఈ మందు. చీల్చకపోతే ఉప్పు లోపలికి పోతుంది. అందులోని మెగ్నీషియం క్లోరైడ్, కాల్షియం క్లోరైడ్ కొలిమి వేడికి నీటి ఆవిరితో కలిసి హైడ్రోక్లోరిక్ యాసిడ్ అవుతాయి. అది ఆవిరిగా, క్రూడ్‌ను మరిగించి విడదీసే టవర్ పైకెక్కి, చల్లబడ్డ చోట మొదటి నీటిబొట్టులో కరిగి, ఇనుప పైపును లోపలినుంచి తినేస్తుంది. దాన్ని ఆపడానికి అక్కడ ఇంకో మందు, అమీన్. అది ఎక్కువైతే అదే ఉప్పులా పేరుకుని దాని కింద కొత్త తుప్పు మొదలవుతుంది. అంటే ఈ పనిలో విద్య అంతా "ఎంత" అనే దగ్గర ఉంది.

ఒక లెక్క చూడండి. విశాఖలో హెచ్‌పీసీఎల్ రిఫైనరీ సామర్థ్యాన్ని ఏడాదికి 8.33 మిలియన్ టన్నుల నుంచి 15 మిలియన్ టన్నులకు పెంచారు. నిండా నడిస్తే రోజుకు దాదాపు 41,000 టన్నుల క్రూడ్. పది లక్షల పాళ్లకు ఐదు పాళ్ల చొప్పున మందు వేస్తారనుకుంటే రోజు మొత్తానికి 205 కిలోలు. మీ షాపు వెనక నిలబెట్టిన నీలం రంగు డ్రమ్ముంటుంది చూశారా, అలాంటిది ఒక్కటి.

ఈ కెరీర్ కౌన్సెలింగ్‌లోకి రాకముందు ఇలాంటి కంపెనీ తరఫున రెండేళ్లు ఒక రిఫైనరీలో నేనూ ఆ డ్రమ్ము పక్కన నిలబడ్డాను. ఒకరోజు కొత్త క్రూడ్ వచ్చింది, నీళ్లు విడవడం లేదు. నైట్ షిఫ్ట్. నాకు తోచింది ఒక్కటే, డోసు రెట్టింపు చేయమన్నాను. తెల్లారేసరికి డీసాల్టర్ కింది నుంచి వచ్చే నీళ్లు పాలు ఎక్కువైన చాయ్ రంగులో ఉన్నాయి. నూనె నీళ్లలోకి దిగిపోతోంది. మురుగునీటి ప్లాంటు వాళ్లు ఫోన్‌లో తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను.

పొద్దున మా సీనియర్ వచ్చి ఒక్క మాటా అనలేదు. ఎనిమిది గాజు సీసాలు తీశాడు. ఒక్కోదాంట్లో వంద మిల్లీలీటర్ల గీత దాకా క్రూడ్, కడుగునీళ్లు. మొదటి సీసాలో మందు లేదు. మిగతా వాటిలో సన్నటి పిపెట్‌తో ఒకటికి మించి ఒకటి. అన్నీ ఒకే లెక్కన గట్టిగా కుదిపి వేడినీళ్ల తొట్టిలో నిలబెట్టి, ఐదు నిమిషాలకు, పదికి, ఇరవైకి అడుగున ఎంత నీరు దిగిందో రాయమన్నాడు. నాలుగో సీసాలో అడుగున నీరు తేటగా, గీత కోసినట్టు విడింది. నేను వేయించిన రెట్టింపు డోసు సీసాలో నీటికీ నూనెకూ మధ్య రెండు వేళ్ల మందం గోధుమరంగు జిగట నిలబడింది. ప్లాంటులో దాన్ని రాగ్ అంటారు. నేను దాన్నే చూస్తూ నిలబడితే ఆయన ఇంకో సీసా కుదుపుతున్నాడు.

"డబుల్ డోసు కొడితే పురుగు డబుల్ చస్తదా" అని అడిగే రైతుకు మీరు ఏం చెబుతారో, ఆ పొద్దున నాకు తెలిసింది అదే. మందు కలిపే పని అని మీరు చులకనగా రాస్తే ఆశ్చర్యపోయాను. మీ ఇల్లు నడిచింది ఆ పనితోనే కదండీ!

ఇక పెట్రోలు ఉంటుందా అన్నది. కార్లు కరెంటుకు మారేకొద్దీ పెట్రోలు వాడకం తగ్గవచ్చు, కాదనను. కానీ రిఫైనరీ అంటే పెట్రోలు ఒక్కటే కాదు. క్రూడ్‌లోని బరువైన నూనెను పగలగొట్టే యూనిట్‌లో ఉత్ప్రేరకానికి జెడ్‌ఎస్ఎం-5 అనే పొడిని కొద్దిగా తోడు చేస్తే పెట్రోలు తగ్గి ప్రొపిలీన్ పెరుగుతుంది. ప్రొపిలీన్ నుంచి పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్, దాని నుంచి ఎరువుల సంచులు. బండ్లు మారినా బస్తాలు ఆగవు. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 అనే కాలుష్య ప్రమాణం వచ్చి డీజిల్‌లో గంధకాన్ని పది లక్షల పాళ్లకు 50 పాళ్ల నుంచి 10కి దించారు. గంధకం తీసే క్రమంలోనే డీజిల్‌కు సహజంగా ఉండే జారుడుతనం కూడా పోతుంది, పంపులు అరుగుతాయి. అందుకని దానికి మళ్లీ జారుడుతనం ఇచ్చే మందు. పెట్రోలులో ఇథనాల్ 20 శాతం కలుపుతున్నాం, ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది, తుప్పుకు ఇంకో మందు. నిబంధన మారిన ప్రతిసారీ ఈ మనుషులకు పని తగ్గలేదు, మారింది. క్రూడ్ పూర్తిగా పోయినా కూలింగ్ టవర్‌లో తుప్పు, పాచి ఉంటాయి. రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలోనైనా, ఎన్టీపీసీలోనైనా ఆ నీళ్లకు ఇదే రకం లెక్కతో మందులు పడుతూనే ఉంటాయి.

ఒక చిన్న హెచ్చరిక. "ఆయిల్ అయితే గల్ఫ్ జీతం" అని పెట్రోలియం ఇంజినీరింగ్ వైపు ఎవరైనా తోస్తే తొందరపడకండి. అది బావి తవ్వే చదువు, క్రూడ్ ధరతో పాటే ఉద్యోగాలు ఎక్కి దిగుతాయి. 2020 ఏప్రిల్ 20న అమెరికాలో క్రూడ్ ఫ్యూచర్స్ (ముందస్తు కొనుగోలు ఒప్పందాల) ధర సున్నా కిందికి పోయింది. ఆ ఏడాది డిగ్రీ చేతికొచ్చిన పిల్లల ముఖాలు నాకింకా గుర్తే. కెమికల్ అలా కాదు. ఫార్మా కంపెనీకి, సిమెంటుకు, ఎరువులకు, బ్యాటరీలకు, నీళ్లకు ఎటైనా పోతుంది.

ఇక ఏఐ-ఎంఎల్. నా అనుమానాలు దాచుకోను. కంప్యూటర్ సైన్స్ మీద నాకు కోపం లేదు. అదే ఎన్ఐటీలో సీఎస్ఈ వచ్చుంటే ఈ జవాబు రెండు లైన్లలో అయిపోయేది. నా అనుమానం ఆ గీత తర్వాత తగిలించిన రెండు అక్షరాల మీద. చాలా కాలేజీల్లో మొదటి రెండేళ్లు మామూలు సీఎస్ఈ సిలబస్సే. తర్వాత వచ్చే ఐదారు పేపర్లు చెప్పాలంటే లెక్కలు గట్టిగా వచ్చిన గురువులు కావాలి. వాళ్లు అన్ని కాలేజీలకు ఎక్కడి నుంచి వస్తారు? నిరుడు ములుగు రోడ్డు నుంచి ఒక అబ్బాయి వచ్చాడు, ఏఐ డిగ్రీ పూర్తి. నీ ప్రాజెక్టు గురించి చెప్పు బాబూ అన్నాను. అమీర్‌పేటలో కొన్నాడు. ఎంతకు కొన్నాడో చెప్పాడు గానీ అందులో ఏముందో చెప్పలేకపోయాడు. పిల్లవాడు మంచివాడే. వాడికి కోడింగ్ ఇష్టం లేదు, ఎవరూ అడగలేదు. ఇష్టం ఉన్న పిల్లలు ఏ కాలేజీ నుంచైనా పైకి వచ్చారు, అదీ చూశాను. మీ బిడ్డ ఒక్కసారైనా సరదాకు ఓ ప్రోగ్రాం రాసుకుందా? మూడు పేజీల్లో ఆ ముక్క లేదు. కెమిస్ట్రీ ల్యాబ్ రికార్డు దాచుకుంది అని మాత్రం మీరే రాశారు. ఇంకోటి, ఏఐ మోడల్ రాసేవాళ్లు పెరుగుతున్నారు గానీ ఆ మోడల్‌కు ఇచ్చే అంకెల్లో ఏది తప్పో ప్లాంటు వైపు నుంచి చెప్పేవాళ్లు తక్కువ. కెమికల్ చదువుతూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోవచ్చు. పైథాన్ చదువుతూ డీసాల్టర్ నేర్చుకోలేరు.

ఇప్పుడు కాస్త గట్టిగా అంటాను, ఏమనుకోకండి. ఆడపిల్ల దూరం పోతుందని భయపడుతున్న మనిషి, కాజీపేటలో ఉన్న కాలేజీని వదిలి హైదరాబాద్ అవతల హాస్టల్‌కు డబ్బు కట్టి మరీ పంపిస్తానంటున్నారు. నర్సంపేట బస్సెక్కి గంటన్నరలో మీరు వెళ్లి చూసి రాగల చోటు అది. 1959లో మన ఊళ్లో పునాది పడ్డ కాలేజీ. దేశం నలుమూలల నుంచి పిల్లలు రైలెక్కి కాజీపేటలో దిగుతారు దానికోసం. మీకేమో ఇంటి పక్కదని లోకువ. ప్లాటు అమ్ముతానంటున్నది బిడ్డ కోసమా, బావమరిది ముందు తగ్గకూడదనా? మీరే చెప్పుకోండి, నాకు రాయనక్కర్లేదు.

ఆడపిల్లకెందుకు అన్నారు. రిఫైనరీ కంట్రోల్ రూముల్లో, ల్యాబుల్లో ఆడవాళ్లు షిఫ్టులు చేయడం ఇప్పుడు వింత కాదు. ఆ డ్రమ్ములోని మందును ఎత్తేది పంపు, చేతులు కాదు.

కష్టాలూ చెప్పాలి. తెలంగాణలో క్రూడ్ రిఫైనరీ లేదు. ఈ పనే చేస్తానంటే విశాఖకో, ముంబైకో, గుజరాత్‌కో పోవాల్సిందే. మొదటి ప్యాకేజీ సాఫ్ట్‌వేర్‌తో పోటీ పెడితే ఓడిపోతారు. టెక్నికల్ సర్వీస్ ఇంజినీర్ అంటే తిరుగుడు ఎక్కువ, ప్లాంటులో తేడా వస్తే అర్ధరాత్రి ఫోన్. ఎండలో హెల్మెట్, ఒంటికి క్రూడ్ వాసన. మందు అమ్మే వాడికి, మందు తయారుచేసే వాడికి మధ్య తేడా కూడా ఉంది. తయారీ వైపు, పరిశోధన వైపు పోవాలనుకుంటే బీటెక్‌తో ఆగకూడదు. తార్నాకలో ఐఐసీటీ ఉంది, దెహ్రాదూన్‌లో పెట్రోలియం సంస్థ ఉంది, ఫరీదాబాద్‌లో ఇండియన్ ఆయిల్ పరిశోధన కేంద్రం ఉంది. ఎంటెక్, పీహెచ్‌డీ అనగానే "ఇంకా ఎన్నాళ్లు చదువు" అని మీ ఇంట్లో లొల్లి మొదలవుతుంది, ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. అయినా నాలుగేళ్లలో ఆ పిల్ల మనసు మారవచ్చు, ఈ మందుల సంగతే మర్చిపోవచ్చు. అప్పుడు కూడా చేతిలో డిగ్రీ నష్టపోయే డిగ్రీ కాదు. ఆ ధైర్యం మాత్రం నేనివ్వగలను.

పోల్చి చెప్పమన్న పట్టిక ఇంకా గీయలేదని మీరంటారు. నిజమే. ఒక గడిలో వచ్చిన సీటు, ఇంకో గడిలో కొనబోయే సీటు, ఇంతకు మించి గీయడానికి నాకేం కనిపించలేదు. సీటు అంగీకార గడువు దాటనివ్వకండి, మిగతాది తర్వాత చూద్దాం.

ఆదివారం పొద్దున పదింటికి హన్మకొండలో మా ఆఫీసుకు రండి. అమ్మాయిని ఆ ల్యాబ్ రికార్డు తెచ్చుకోమనండి. తనతో ఒక గంట మాట్లాడతాను. మీరు బయట బెంచీ మీద కూర్చోండి, చాయ్ చెప్పిస్తాను. వచ్చేటప్పుడు షాపులోంచి ఆ జిగురు సీసా ఒకటి తెండి, దాని లేబుల్ మీద ఏం రాసుందో తను చదివి మనకు చెబుతుంది.