కాటా కంప్యూటర్లో అప్‌డేట్ వేసే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

చీమకుర్తిలో మూడు కాటాల దగ్గర కంప్యూటర్లకు కొత్త అప్‌డేట్ వేసే పని నీకే అప్పజెప్పారని అమ్మ ఫోన్లో మురిసిపోతా చెప్పింది. నాకూ సంతోషమేరా. దాంతోపాటే గుబులు కూడా. ఆ డబ్బాలో ఉండేది ప్రోగ్రామ్ ఒక్కటే కాదు, ఏళ్లుగా తూచిన గ్రానైట్ లెక్క. ప్రోగ్రామ్ పోతే మళ్లీ ఎక్కించుకోవచ్చు. లెక్క పోతే క్వారీవాళ్లకూ లారీవాళ్లకూ నువ్వే జవాబు చెప్పాలి.

యూపీఎస్ బ్యాటరీ ముందే చూసుకో. జిప్ ఫైలును విప్పాకే సెటప్ నడుపు. జిప్ లోపలినుంచే నొక్కబాక, సెటప్‌కు తోడుగా పక్కనుండాల్సిన డీఎల్‌ఎల్ ఫైళ్లు దొరక్క మధ్యలో ఆగుద్ది. బరువు అంకెలు చూపే ఇండికేటర్ మీద తూనికలు కొలతల శాఖ సీలు జోలికి అసలు పోబాక.

వేళ కూడా చూసుకోవాలి. లారీ ఖాళీగా ఒకసారి కాటా ఎక్కి, బ్లాకు వేసుకుని మళ్లీ ఎక్కుద్ది. మొదటి తూకం పడి రెండోది పడని చిట్టీ ఒక్కటి మిగిలున్నా పని మొదలుపెట్టబాక. ఆ లారీ వచ్చి నెట్ వెయిట్, అంటే ఖాళీ లారీ బరువు తీసేసిన సరుకు తూకం, పడిందాకా కూర్చో, నీకేం తొందర?

ఇక నాకు భయమంతా ఒక పాత తప్పు గురించే. బాగా పని తెలిసినవాళ్లు కూడా ఇందులో పడతారు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న కాటా ఫోల్డర్‌ను పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, బ్యాకప్ అయిపోయిందనుకుంటారు. పాత విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో అయితే అది చాలేది. 2007లో విండోస్ విస్టా వచ్చిన దగ్గర్నుంచి, అడ్మినిస్ట్రేటర్‌గా నడపని పాత 32 బిట్ ప్రోగ్రామ్ ఆ ఫోల్డర్లో రాయబోతే విండోస్ రాయనీదు. ఎర్రర్ కూడా చూపదు. గప్‌చుప్‌గా వేరే చోట ఒక కాపీ పెట్టి అందులో రాయిస్తది. ఆ చోటు ఇదీ: సీ డ్రైవ్‌లో యూజర్స్, అందులో ఆపరేటర్ పేరు, ఆపైన యాప్‌డేటా, లోకల్, వర్చువల్‌స్టోర్. యాప్‌డేటా దాగి ఉంటది. వ్యూలో హిడెన్ ఐటమ్స్ టిక్కు పెడితేనే కనపడుద్ది. పగలు ఒక లాగిన్, రాత్రి ఒక లాగిన్ వాడుతుంటే రెండు చోట్ల రెండు డేటాబేస్‌లు, అంటే తూకాల లెక్కుండే ఫైళ్లు, ఉండొచ్చు. రెండూ చూడు.

అప్‌డేట్ వేశాక ఏమైద్దంటే, కొత్త ప్రోగ్రామ్‌కు ఆ దాపు చోటు అక్కర్లేదని అందులోనే రాసి ఉంటే, అది నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లోని ఎప్పటిదో ఖాళీ ఫైలును తెరుస్తది. చిట్టీ నంబరు 1 అని వస్తది. అప్పుడు గుండె జారి, అంతా పోయిందని విండోస్ ఫార్మాట్ కొట్టారా, అప్పుడు నిజంగానే పోతది. అందాకా లెక్కంతా వర్చువల్‌స్టోర్‌లో భద్రంగానే ఉంటదిరా అబ్బాయ్!

కాబట్టి ముందు ఆఖరి చిట్టీ నంబరు, లారీ నంబరు కాగితం మీద రాసుకో. ప్రోగ్రామ్ మూసెయ్. డేటాబేస్ పక్కన ఎల్‌డీబీ అని చిన్న లాక్ ఫైలు కనపడితే ఇంకెక్కడో తెరిచుందని అర్థం. టాస్క్ మేనేజర్‌లో చూసి, అక్కడ లేకపోతే నెట్‌వర్క్‌లో పక్క కంప్యూటర్ చూసి మూయించు. ఎండీబీ ఫైళ్లు, అంటే ఆ డేటాబేస్ ఫైళ్లే, ఎన్ని కనపడితే అన్నీ, ఏ చోటుదో పేరు పెట్టి, రెండు పెన్‌డ్రైవుల్లోకి తీసుకో. మాడిఫైడ్ తేదీ చూస్తే అసలుది ఏదో తెలుస్తది. ఆ కాపీని ఇంకో కంప్యూటర్లో తెరిచి, కాగితం మీది నంబరు అందులో ఉందో లేదో కళ్లారా చూసుకో. ఇది చెయ్యకుండా సెటప్ ముట్టుకున్నావంటే మాత్రం నాతో తిట్లు తింటావ్.

అప్‌డేట్ అయ్యాక స్క్రీన్ మీద బరువు రాకపోతే కంగారుపడబాక. ఇండికేటర్ నుంచి కంప్యూటర్‌కు వచ్చే యూఎస్‌బీ సీరియల్ కేబుల్‌ను వేరే రంధ్రంలో పెట్టుంటారు, ఆ కేబుల్‌కు విండోస్ ఇచ్చే కామ్ పోర్టు నంబరు మారుంటది. డివైస్ మేనేజర్‌లో చూసి సెట్టింగ్స్‌లో ఆ నంబరే ఇవ్వు. బాడ్ రేటు, అంటే ఆ కేబుల్లో అంకెలు వచ్చే వేగం, పాతదే ఉంచు.

ఒకే రోజు మూడింటికీ వెయ్యబాక. ఒకదానికి వేసి, రెండ్రోజులు లారీలు తూగనిచ్చి, తర్వాత మిగతావి. ఆ ఎండలో తలకు గుడ్డ కట్టుకో, టయానికి అన్నం తిను. చిట్టీ నంబరు తేడాగా వస్తే ఏమీ ముట్టుకోకుండా స్క్రీన్ ఫోటో తీసి నాకు పంపు. అర్ధరాత్రయినా సరే, ఫోను నా దిండు పక్కనే ఉంటది.

మీ మామయ్య