డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే పాత్రధారణ ఆటలో గుంపుగా వచ్చిన గోబ్లిన్‌లకు ఒక్కోదానికీ విడిగా ఇనిషియేటివ్ (పోరులో ఎవరి వంతు ముందో తేల్చే డైస్) వెయ్యాలా?

అక్కర్లేదు, 5వ ఎడిషన్ (2014) నియమం ప్రకారం ఒకే రకం జీవులన్నిటికీ కలిపి డంజన్ మాస్టర్ (ఆట నడిపే వ్యక్తి) ఒక్కసారి డైస్ వేస్తే చాలు. 8 గోబ్లిన్‌లకు 8 వంతులు రాసుకుంటూ కూర్చుంటే ఆట నత్తనడకే. అయితే గుంపు పెద్దదైతేనే చిక్కు. గోబ్లిన్ కత్తివేటుకు సగటున 5 హిట్ పాయింట్లు (పాత్ర ప్రాణబలం లెక్క) పోతాయి. మొదటి లెవెల్ విజర్డ్‌కు (మంత్రగాడి పాత్రకు) ఉండేవి సాధారణంగా 8, 9కి మించవు. ఎనిమిదీ వరసపెట్టి మీద పడితే, పాపం, తన వంతు రాకముందే నేలకూలుతాడు. అందుకే నాలుగేసి చొప్పున రెండు జట్లు చేసి, జట్టుకోసారి డైస్ వెయ్యడం మేలు (ఇది నియమం కాదు, సర్దుబాటు). మధ్యలో ఆటగాళ్ల వంతు పడే అవకాశం పెరుగుతుంది. ఒకే వంతు కాబట్టి దాడికీ ఒకే డైస్ అనుకోవడం పొరపాటు. కలిసేది వంతు మాత్రమే; దాడి డైస్, హిట్ పాయింట్లు దేనివి దానికే.